బియ్యానికి లేని దూరం కూరగాయలకు ఎందుకు?

తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. కార్డు ఉన్నవారు హైదరాబాద్‌లో బోరబండలో ఉన్నా, చాంద్రాయణగుట్టలో ఉన్నా వారికి దక్కే బియ్యం ఒకటే, తూకమూ ఒకటే. ఇల్లు మారినవారు కొత్త చోట దగ్గర్లోని దుకాణంలోనే తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ మరో అడుగు ముందుకు వేసి 2021లో 9,260 వాహనాలతో రేషన్‌ను వీధుల్లోకే పంపింది. ఆ పద్ధతిని 2025 జూన్‌లో విరమించుకున్నా, సరుకును మనిషి దగ్గరకు చేర్చడం ప్రభుత్వ బాధ్యతేనన్న ఆలోచన మాత్రం అక్కడ కనిపించింది. అన్నం విషయంలో చిరునామా ప్రభావాన్ని ప్రభుత్వాలు ఇలా చాలావరకు తగ్గించగలిగాయి. కంచంలో అన్నం పక్కన పడేదేమిటన్నది మాత్రం ఆ కుటుంబం ఏ వీధిలో ఉంటుందన్న దానిపైనే ఇప్పటికీ ఆధారపడి ఉంది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమయ్యే వ్యక్తి ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములుంటే చాలు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి, పండ్లు మరో 100 గ్రాములు. నలుగురున్న ఇంటికి కూరగాయలే రోజుకు కిలోన్నర పైచిలుకు. కిలో సగటున 40 రూపాయలనుకుంటే నెలకు దాదాపు 1,900 రూపాయలవుతుంది. పెద్ద మార్కెట్‌కు దూరంగా ఉన్న కాలనీలో అవే కూరగాయలు కిలోకు 10 రూపాయలు ఎక్కువ పలికితే, నెల తిరిగేసరికి ఆ ఇంటిపై పడే అదనపు భారం 480 రూపాయలు. రోజుకూలీ కుటుంబం ఈ అదనాన్ని భరించదు, కూరగాయలను తగ్గించుకుంటుంది. అన్నంలోకి పచ్చడో పలుచటి చారో సరిపెట్టుకుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కల్లో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత, 30.1 శాతం మందికి అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నట్టు తేలింది. కడుపు నిండుతున్నా ఒంటికి కావలసింది అందడం లేదనడానికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉండటమే ఆధారం. దీనికి కారణాలు అనేకం ఉన్నాయి గాని, కూరగాయలు ఎంత దూరంలో, ఎంత ధరకు దొరుకుతున్నాయన్నది వాటిలో మనం తక్కువగా మాట్లాడుకునేది.

దూరం సమస్యను ప్రభుత్వం ఒకప్పుడు గుర్తించకపోలేదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లు దళారీ లేకుండా రైతునూ కొనుగోలుదారునూ ఒకచోట కలిపాయి. టోకు ధరకు కాస్త పైన, బయటి చిల్లర ధరకు కింద ఉండేలా రేట్లు నిర్ణయించి బోర్డు మీద రాసే పద్ధతిని తెచ్చాయి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఫలక్‌నుమా, అల్వాల్ రైతుబజార్లు హైదరాబాద్ నగరవాసులకు బాగా తెలిసినవే. వాటి చుట్టూ నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నవారికి ఆ బోర్డు రోజువారీ రక్షణ. సాయంత్రం పొద్దుపోయాక మిగిలిన సరుకును వచ్చినకాడికి అమ్మేసే సమయం కూడా వారికే అందుతుంది. నా దృష్టిలో పేద ఇళ్లకు అసలైన రాయితీ ఆ చివరి గంటలోనే ఉంది. బోయినపల్లి, గుడిమల్కాపూర్, మాదన్నపేట మార్కెట్ల పరిసరాల్లోనూ ఇదే పరిస్థితి. ఆటో ఎక్కి రావలసిన వారికి మాత్రం చౌకగా కొన్నదంతా కిరాయికే పోతుంది.

2023 జూన్ చివర్లో టమాటా ధర ఆకాశాన్నంటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తానే కొని రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. నిర్ణయం మంచిదే. కానీ ఆ 50 రూపాయల టమాటా రైతుబజారు ఉన్న పట్టణంలో, దానికి దగ్గరగా ఉంటూ పొద్దున్నే వరుసలో నిలబడగలిగినవారికే చేరింది. రాయితీ అందరి పేరిట ప్రకటించినదైనా, అది అందే దారి కొన్ని పేటల గుండానే వెళ్లింది.

రైతుబజారు లేని చోట ఆ పని చేస్తున్నది తోపుడు బండి, వారపు సంత. తెల్లవారుజామున మండీకి వెళ్లి సరుకు తెచ్చుకుని, ఎనిమిదింటికల్లా గల్లీలో కేక వేసే బండి మనిషి చదరపు గజం అద్దె కట్టడు, పావుకిలో వంకాయలైనా అమ్ముతాడు, నెలాఖరులో అరువూ ఇస్తాడు. ఫ్రిజ్ లేని ఇల్లు ఏ రోజు కూర ఆ రోజే కొనుక్కోవలసిందే కాబట్టి, ఈ బండి రాని వీధిలో తాజా కూర ఉండదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు కల్పించాలని, సహజంగా ఏర్పడిన మార్కెట్లను గుర్తించాలని, పట్టణ వీధి వ్యాపార కమిటీల్లో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులకే ఇవ్వాలని చెబుతోంది. అయితే నగరంలో బండి గురించి నిర్ణయాలు ఎక్కువగా ట్రాఫిక్ కోణం నుంచే వస్తున్నాయి. 2022 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మొదలుపెట్టిన ‘ఆపరేషన్ రోప్’ లక్ష్యం రోడ్డుపై అడ్డంకులను తొలగించడం. రోడ్డు ఖాళీ అయితే వాహనాల వేగం ఎంత పెరిగిందో కొలవవచ్చు, కానీ ఆ రోడ్డు మీద నుంచి వెళ్లిపోయిన ఆకుకూరల లెక్క ఏ శాఖ దగ్గరా ఉండదు.

దగ్గర్లో దొరికేదంతా మంచిదేనని కూడా చెప్పలేం. మూసీ దిగువన పీర్జాదిగూడ, కాచవానిసింగారం వైపు మురుగు కలిసిన నీటితో దశాబ్దాలుగా పశుగ్రాసం, ఆకుకూరలు పండిస్తున్నారు. నగరానికి ఇంత చేరువలో పండే కూర చౌకే, కానీ ఆ నీటిని శుద్ధి చేయనంత కాలం ఆ చౌకదనానికి వేరే ఖరీదు ఉంటుంది.

చోటు మారితే తిండి ఎలా మారుతుందో ఆలోచించడానికి హైదరాబాద్ శివార్లలోని కొల్లూరు మంచి ఉదాహరణ. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను ఒకేచోట కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. నగరంలోని వేర్వేరు నియోజకవర్గాల పేదలకు లాటరీ తీసి కేటాయించారు. పాతబస్తీ నుంచి అక్కడికి రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్లకు పైమాటే. సొంత ఇల్లు దక్కడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మీరాలంమండీ నుంచో మోండా మార్కెట్ నుంచో నడక దూరంలో ఇరుకు గదిలో బతికిన కుటుంబం కొల్లూరు చేరినప్పుడు వదులుకునేది పాత అద్దె ఇంటిని మాత్రమే కాదు. సాయంత్రపు ధరనూ, అరువిచ్చే బండినీ, పదిమంది అమ్మకందార్ల మధ్య బేరమాడే వీలునూ వదులుకుంటుంది. కొల్లూరు ప్రణాళికలో దుకాణాల సముదాయాలకూ స్థలం చూపారు. అయితే అద్దె కట్టి షట్టర్ తెరిచే ఒక్క దుకాణం మార్కెట్ కాలేదు. పదిహేను ఇరవై బండ్లు ఒకచోట నిలిస్తే తప్ప ధరలో పోటీ పుట్టదు, సరుకు వాడిపోకముందే అమ్ముడవదు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఎవరూ దాన్ని పోషకాహార పథకంగా చూడలేదు గాని, దూరపు మార్కెట్‌కు వెళ్లే ఛార్జీని అది తీసేసింది. మిగిలింది సమయం. రెండు బస్సులు మారి, సంచి మోసుకుంటూ తిరిగి రావడానికి పట్టే మూడు గంటలు, పాచిపని చేసుకునే మహిళకు ఒక ఇంటి పని పోగొట్టుకోవడంతో సమానం.

చేరువ పెంచినంత మాత్రాన తిండి మారదనే వాదన ఒకటుంది, దానికి ఆధారమూ ఉంది. అమెరికాలో సూపర్‌మార్కెట్లు లేని పేద పేటల్లో వాటిని తెరిపిస్తే ఏమవుతుందో పరిశీలించిన ఆర్థికవేత్తలు, ధనిక, పేద కుటుంబాల ఆహారంలోని తేడాలో కేవలం పది శాతం వరకే చేరువ, ధరలతో వివరించవచ్చని 2019లో తేల్చారు. ఆ ఫలితాన్ని గౌరవిస్తూనే ఒకటి గమనించాలి. అక్కడి కుటుంబాల్లో ఎక్కువ భాగం దగ్గర్లో దుకాణం లేకపోయినా కారులో దూరం వెళ్లి అదే సూపర్‌మార్కెట్‌లో కొంటున్నారు. అందుకే కొత్త దుకాణం వారి బుట్టను పెద్దగా మార్చలేదు. కారు లేని, ఫ్రిజ్ లేని, ఆనాటి కూలితో ఆనాటి కూర కొనే ఇంటికి దూరం చేసే పని వేరు.

పైగా కూరగాయలు దూరమైన చోటు ఖాళీగా ఉండదు. బండి రాని గల్లీలోనూ మూలమీది కిరాణా దుకాణంలో అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ల దండ వేలాడుతూనే ఉంటుంది. వాడిపోని సరుకు, కంపెనీ మనిషే తెచ్చి వేలాడదీసే సరుకు ఎంత దూరమైనా చేరుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, నూడుల్స్, నమ్‌కీన్‌లపై జీఎస్టీ 5 శాతానికి దిగింది. తాజా కూరగాయలపై ముందు నుంచీ పన్ను లేదు కాబట్టి వాటికి తగ్గేదీ లేదు. పన్నుల సరళీకరణ కోసం తీసుకున్న నిర్ణయమే అయినా, పోటీలో ప్యాకెట్టుకు మరో మెట్టు దొరికింది. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు ఈ లోటు తీరుస్తాయన్న ఆశ నాకు లేదు. రెండు కట్టల తోటకూరకు డెలివరీ రుసుము కట్టి కొనేవారి కోసం నడిచే వ్యాపారం కాదది.

అసలు చిక్కు బాధ్యత దగ్గర ఉంది. రైతుబజారు మార్కెటింగ్ శాఖది, బండి మున్సిపాలిటీది, రోడ్డు ట్రాఫిక్ పోలీసులది, ఇల్లు గృహనిర్మాణ శాఖది, బియ్యం పౌర సరఫరాలది. ఒక కాలనీకి కూరగాయలు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న వీరిలో ఎవరి ఫైలులోనూ ఉండదు. లేఅవుట్‌కు అనుమతి కావాలంటే పార్కుకు స్థలం వదిలి చూపాలి, రోడ్ల వెడల్పు చూపాలి. అదే పత్రంలో నీడ, నీటి కుళాయి, రాత్రి దీపం ఉన్న బండ్ల స్థలాన్ని కూడా చూపాలని అడిగితే బిల్డర్‌కు పెద్ద భారం కాదు. ప్రభుత్వమే కట్టే ఇళ్ల విషయంలో అడగవలసిన అవసరం కూడా లేదు. ఇళ్ల తాళాలిచ్చే రోజుకే వారానికి రెండు సాయంత్రాలు సంతకు చోటు, ఇప్పటికే రైతుబజారు గుర్తింపు కార్డులున్న రైతులను అక్కడికి తెచ్చే బస్సు, బోర్డు మీద రాసే ధర ఉండాలి. రైతుబజార్లు నడిపిన పాతికేళ్ల అనుభవం మార్కెటింగ్ శాఖకు ఉంది. ఆ శాఖను కాలనీ ప్రణాళిక వేసే సమావేశానికి పిలవడమే ఇంతవరకు ఆనవాయితీ కాలేదు.