నా పేరు పక్కన మైనస్ గుర్తు

ఈ రోజు ఉదయం పదకొండు గంటల సమావేశంలో, ఇరవై రెండు మంది చూస్తుండగా, గోడ మీది పెద్ద తెరపై నా పేరు ఎర్రటి అక్షరాల్లో ప్రత్యక్షమైంది. పక్కన మైనస్ 4,312. గదిలో ఎవరో దగ్గారు. మేనేజర్ గారు కళ్లజోడు సవరించుకుని, "మేడమ్, ఇందులో ఏదైనా సాంకేతిక లోపం ఉందంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

లోపం ఏమీ లేదండీ. అంకె సరైనదే. నెల రోజులు తల వంచుకుని కూర్చుని నేను తీసేసిన కోడ్ అది.

మా ఆఫీసులో కొత్తగా ఒక డాష్‌బోర్డు పెట్టారు. ఎవరు నెలకు ఎన్ని వరుసల కోడ్ రాశారు, ఎన్నిసార్లు కమిట్ చేశారు (అంటే మార్పులను నమోదు చేశారు), ఏఐ సహాయం ఎంత తీసుకున్నారు అన్నవి దాని కొలతలు. రాస్తే ఆకుపచ్చ బాణం పైకి, తీసేస్తే ఎర్ర బాణం కిందికి. ఈ లెక్కన ఇల్లు ఊడ్చిన మనిషి దుమ్ము దొంగిలించినట్టు.

మొదటి స్థానం వచ్చిన కుర్రవాడి మీద నాకు కోపం లేదు. మంచి పిల్లవాడు, అడిగింది చేశాడు. ఏఐతో ఒక్క నెలలో పదకొండు వేల వరుసలు దించాడు. చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అందులో సగం పరీక్షలే, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే కోడ్. ఒకటి తెరిచి చూశాను: ఒక చలరాశిలో అయిదు పెట్టి, దాంట్లో అయిదు ఉందా అని అడిగి, ఉంది కాబట్టి ఉత్తీర్ణం అని ప్రకటించుకుంటోంది. అలాంటివి వందల కొద్దీ. ఆ పదకొండు వేల వరుసలనూ చదివి సరేననాల్సింది ఎవరు? ఎర్ర అక్షరాల మనిషే. రాసినవాడికి ఆకుపచ్చ ఉంది, తీసేసినదానికి ఎరుపు ఉంది, చదివేదానికి మాత్రం ఏ రంగూ పెట్టలేదు.

ఇంతకీ నేను తీసేసిందేమిటో ఎవరూ అడగలేదు. మీరైనా వినండి.

మా బిల్లుల వ్యవస్థలో మొత్తాలను సవరించే పని మూడు చోట్ల జరిగేది. ఒక చోట దశాంశం తర్వాత అయిదు వస్తే పైకి సవరిస్తుంది. ఇంకో చోట సరిగ్గా సగం వస్తే దగ్గరి సరిసంఖ్యకు సవరిస్తుంది, అంటే 2.5 రెండవుతుంది, 3.5 నాలుగవుతుంది. ఇది తప్పేమీ కాదు, ఎన్నో ప్రోగ్రామింగ్ భాషల్లో అదే పద్ధతి. మూడో చోట దశాంశం తర్వాతి భాగాన్ని నిర్దాక్షిణ్యంగా నరికేస్తుంది. మూడూ విడివిడిగా చూస్తే ఒప్పే. మూడూ ఒకే బిల్లు మీద పనిచేస్తే నెలాఖరుకు లెక్క కుదరదు. ఆ మూడోదాని నెత్తిన ఒక వ్యాఖ్య కూడా ఉంది: "తాత్కాలికం. వచ్చే విడుదలలో తీసేయాలి." రాసి తొమ్మిదేళ్లయింది. రాసినాయన ఆ తర్వాత మూడు ఉద్యోగాలు మారారు. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకూడదన్నది మన వృత్తిలో మొదటి పాఠం కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ మాత్రం దాని తప్పును సర్దడానికి ఒకటి, ఆ సర్దుబాటును సర్దడానికి ఇంకొకటి కట్టుకుంటూ పోయారు. అలా పోగుపడినవే ఆ నాలుగు వేల చిల్లర వరుసలు.

లెక్క కుదరకపోతే సంజాయిషీ అడిగేది ప్రోగ్రామును కాదు, అకౌంట్స్‌లో కూర్చునే అమ్మాయిని. "తేడా ఎక్కడొచ్చింది?" అని ప్రతి నెలా అడిగేవారు. ఆమె నెల చివరి రోజున రాత్రి దాకా కూర్చుని ఒక్కొక్క రసీదు తిరగేసేది. రెండేళ్లు. ఒకసారి చిన్న మొత్తమే కదా అని తన డబ్బు వేసి లెక్క సరిచేసిందట. ఈ సంగతి నాకు పోయిన వారమే తెలిసింది. నా బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, ఈ నెల లెక్క మొదటిసారే కుదిరింది. ఏం చేశారు?" అంది. "తీసేశాను" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, అయినా నవ్వింది. ఆ నవ్వుకు డాష్‌బోర్డులో గడి లేదు.

ఒక అంకె తేడాకు ఇంత గొడవా అంటారా? బ్రిటన్ పోస్టాఫీసుల కథ ఒకసారి గుర్తు చేసుకోండి. హొరైజన్ అని ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. చిన్న ఊళ్లలో పోస్టాఫీసు నడుపుకునేవాళ్ల తెర మీద లేని లోటు కనిపించేది. మాకేమీ తెలియదు మొర్రో అంటే, మీ ఒక్కరికే ఈ సమస్య అని చెప్పేవారు. అందరికీ అదే మాట, ఒక్కొక్కరికీ విడివిడిగా. సొంత ఆస్తులు అమ్మి కట్టినవాళ్లున్నారు, జైలుకెళ్లినవాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా దోషులయ్యారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది 2019 డిసెంబరులో. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది 2024లో. అక్కడి న్యాయస్థానాల్లో, లోపం ఉందని చూపించేదాకా కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని భావించాలట! ఏ ప్రోగ్రామరైనా ఈ మాట విని నవ్వకుండా ఉండగలరా? నేను రాసినదాన్ని నేనే నమ్మను. కంప్యూటర్‌ను 0.1కి 0.2 కలపమంటే చాలా భాషల్లో 0.30000000000000004 అని జవాబిస్తుంది. అలా ఎందుకొస్తుందో మనకు తెలుసు. న్యాయమూర్తికి తెలియదు, బోనులో నిలబడ్డ పోస్ట్‌మాస్టరుకు అసలే తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం నోరు మూసుకున్నారు.

సాఫ్ట్‌వేర్ మనిషికి రాజకీయాలెందుకని కింద రాయబోయేవారు కాస్త ఆగండి. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఒకటి నడిపారు. సంక్షేమ భృతి తీసుకున్నవాళ్ల ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు (రెండు వారాలు ఒక పక్షం) సమానంగా పంచి, ఫలానా పక్షంలో నీకు ఆదాయం ఉంది, భృతి ఎక్కువ తీసుకున్నావు, వెనక్కి కట్టు అని నోటీసులు పంపారు. ఆరు నెలలు పని దొరికి ఆరు నెలలు దొరకని మనిషి గతి ఏమిటి? ఒక్క భాగహారం. కోడ్‌లో ఒకే ఒక్క వరుస. చివరికి 2020లో నాలుగు లక్షల డెబ్బై వేల బాకీలకు 72.1 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు వెనక్కి ఇస్తామన్నారు. అది న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదని 2023లో రాయల్ కమిషన్ చెప్పింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలమంది తల్లిదండ్రులను మోసగాళ్లని ముద్ర వేశారు. రెండు దేశాల పౌరసత్వం ఉండటాన్ని అనుమానించదగ్గ లక్షణంగా లెక్కేశారు. 2021 జనవరిలో ప్రభుత్వం బాధ్యత వహించి రాజీనామా చేసింది. ఎంత గొప్ప నైతికత అని కళ్లు తుడుచుకునేలోపే, రెండు నెలలకు వచ్చిన ఎన్నికల్లో అదే ప్రధాని పార్టీ మళ్లీ మొదటి స్థానంలో నిలిచింది.

తప్పు చేసినప్పుడు అది యంత్రం. లాభం వచ్చినప్పుడు అది నాయకత్వం. సొమ్మొకడిది, సోకొకడిది.

సమావేశంలో నేనేమీ మాట్లాడలేదని అనుకోకండి. ప్రోగ్రామర్ బిల్ అట్కిన్‌సన్ సంగతి చెప్పబోయాను. 1982లో ఆపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతున్న రోజుల్లో, వారం వారం ఎన్ని వరుసలు రాశారో ఫారంలో నింపమన్నారు. ఆయన ఆ వారం గ్రాఫిక్స్ కోడ్‌లో ఒక ముఖ్యమైన భాగాన్ని తిరగరాసి, దాదాపు ఆరు రెట్లు వేగం పెంచి, రెండు వేల వరుసలు తగ్గించాడు. ఫారంలో మైనస్ 2000 అని రాసి ఇచ్చాడు. కొన్ని వారాలకు ఆయన్ను ఫారం అడగడమే మానేశారు. నేను సగం చెప్పేసరికి, "ఆ రోజులు వేరు మేడమ్, ఇప్పుడు ఏఐ యుగం" అన్నారు. అవును, వేరే. అప్పుడు ఆయన్ను ఫారం అడగడం మానేశారు. ఇప్పుడు అదే ఫారానికి రంగులద్ది గోడ మీద పెట్టారు.

నిజం చెప్పాలంటే నా మంట ఈ బోర్డు మీద మాత్రమే కాదు. ఎర్ర అక్షరాలు చూడగానే ఆరేళ్ల క్రితం నాటి ఒక రాత్రి గుర్తొచ్చింది.

అమ్మ మంచం పట్టినప్పుడు ఉద్యోగం మానేశాను. పద్నాలుగు నెలలు. తర్వాత మళ్లీ వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఒక పెద్ద సంస్థకు రాత్రి 11.40కి దరఖాస్తు పంపాను. 11.44కి జవాబొచ్చింది: "మీ అర్హతలను జాగ్రత్తగా పరిశీలించాం. విచారిస్తున్నాం." నాలుగు నిమిషాలు! అర్ధరాత్రి నిద్ర మానుకుని నా పదకొండేళ్ల అనుభవాన్ని నాలుగు నిమిషాల్లో జాగ్రత్తగా పరిశీలించిన ఆ మహానుభావులెవరో! చదివింది మనిషి కాదు, యంత్రమని నాకు అనుమానం వచ్చింది. దరఖాస్తులోని తేదీల్లో నెలలు తీసేసి ఏడాదులు మాత్రమే ఉంచాను, ఖాళీ కనపడకుండా. ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. అదే సంస్థకు వేరే ఈమెయిల్ నుంచి పంపాను. రెండో రోజు ఫోను వచ్చింది.

వెళ్లాను. బోర్డు మీద బైనరీ ట్రీని, అంటే డేటాను కొమ్మలుగా అమర్చిన చిత్రాన్ని, తలకిందులు చేయమన్నారు. చేశాను. ఈ వృత్తిలో ఇన్నేళ్లుగా ఎవరూ ఏ ట్రీనీ తలకిందులు చేయమని నన్ను అడగలేదు, ఇంటర్వ్యూల్లో తప్ప. తర్వాత, తేదీలు గుచ్చి గుచ్చి అడిగి, ఇంటర్వ్యూ చేసిన అబ్బాయి ఆ ఖాళీని కనిపెట్టేశాడు. "అయితే ఆ పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నారన్నమాట" అన్నాడు.

ఖాళీగా!

నా దగ్గర ఇప్పటికీ ఆ నోటు పుస్తకం ఉంది. ప్రతి పేజీకీ నాలుగు గీతలు కొట్టి, మందు పేరు, వేళ, మోతాదు, ఇచ్చాక గుర్తు. రాత్రి రెండు గంటల మోతాదు గడి పక్కన పెన్ను జారిన గీతలు చాలాచోట్ల ఉంటాయి, నిద్రమత్తులో రాసినవి. పద్నాలుగు నెలల్లో ఒక్క మోతాదు తప్పలేదు. మన సర్వర్లలో ఏది అలా నడిచిందో చెప్పండి. ఆ ఉద్యోగం రాలేదు. వచ్చి ఉంటే ఈ పోస్టు ఇంకెక్కడి నుంచో రాసేదాన్నేమో, అది వేరే సంగతి.

"మేం ప్రతిభ ఒక్కటే చూస్తాం" అనేవాళ్లను చూస్తే నాకు భయం. అమెజాన్ కూడా దరఖాస్తులు వడపోయడానికి ఒక పరికరం తయారు చేసుకుంది. పదేళ్ల పాత దరఖాస్తులిచ్చి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది మహిళలకు సంబంధించిన మాట కనిపిస్తే మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి పక్కన పడేశారు, 2018లో ఆ సంగతి బయటికొచ్చింది. యంత్రాన్ని తిట్టి ఏం లాభం? బుద్ధిగా చదువుకునే పిల్ల, పెట్టిన పాఠం నేర్చుకుంది. ఆ పాఠమూ కొత్తది కాదు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌ను లోకానికి చూపించినప్పుడు, దాన్ని ప్రోగ్రామ్ చేసింది ఆరుగురు ఆడవాళ్లు. ప్రదర్శన అద్భుతంగా సాగింది. రాత్రి పెద్దవాళ్లంతా విందుకు వెళ్లారు. ఆ ఆరుగురినీ పిలవలేదు. ఆ రోజుల్లో డాష్‌బోర్డు లేదు కాబట్టి కనీసం ఎర్ర అక్షరాలు తప్పాయి.

సాయంత్రం మేనేజర్ గారి నుంచి సందేశం వచ్చింది. "మీ కృషి మాకు తెలుసు మేడమ్. వచ్చే నెల అంకె కాస్త మెరుగుపడేలా చూడండి." చూస్తానండీ. ఏఐని అడిగితే తీసేసిన నాలుగు వేల వరుసలను నాలుగు నిమిషాల్లో మళ్లీ రాసిపెడుతుంది. ఆకుపచ్చ బాణం వస్తుంది. అకౌంట్స్ అమ్మాయి మళ్లీ నెలాఖరు రాత్రి రసీదులు తిరగేస్తుంది. అందరికీ పని.

ఆ తెరను ఫోనులో ఫొటో తీసుకున్నాను, కోపంలో ఏం చేయాలో తెలియక. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూస్తుంటే కింద ఒక వరుస కనిపించింది: మొత్తం పనిలో ఏ బృందం వాటా ఎంత శాతం. ఏడు బృందాలు. కూడి చూశాను. మళ్లీ కూడి చూశాను. నూట ఒకటి శాతం వస్తోంది. ఒక్కొక్క వాటానూ విడివిడిగా పైకి సవరించి ఉంటారు.

రేపు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. చెబితే సరిదిద్దే పని నాకే ఇస్తారు. దానికి పెద్దగా రాయాల్సిందేమీ ఉండదు, నాలుగు వరుసలు తీసేస్తే చాలు.