షాక్ కొడితే ఒంట్లో కరెంటు ఎక్కువైనట్టా?

వారం నుంచి మా భీమవరం చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కారు డోరో బీరువానో ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతోందంటే ఒంట్లో కరెంటు ఎక్కువైందట, నరాల బలహీనతకి గుర్తట, రాగి ఉంగరం పెట్టుకుని రోజూ అరగంట చెప్పుల్లేకుండా నడిస్తే దిగిపోతుందట, ప్లాస్టిక్‌లో కరెంటు పారదు కాబట్టి దానితో భయమే లేదట. మా బాబాయి అప్పుడే ఉంగరం కొనేశారు.

ముందు ఆ "ఒంట్లో కరెంటు" సంగతి. అది ఒంట్లో పుట్టింది కాదండీ. అసలు పుట్టింది అనడమే తప్పు, చేతులు మారింది. రెండు వేరువేరు వస్తువులు ఆనుకుని విడిపోయేటప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి పోతాయి. ఇచ్చినదానికి ప్లస్, పుచ్చుకున్నదానికి మైనస్, మొత్తం లెక్క మాత్రం మారదు. పాలిస్టర్ చీరతో ఏసీ కారు సీటు మీంచి జరిగి దిగితే అయ్యేది ఇదే. కాళ్లకి రబ్బరు చెప్పులుంటే ఆ ఛార్జ్ నేలలోకి పోయే దారిలేక ఒంటి మీదే కూర్చుని, వేలు ఇనుము దగ్గరికి వెళ్లగానే ఆ కాస్త సందులోంచి దూకుతుంది. తెలిసేలా చురుక్కుమందంటే 3,000 వోల్టులు ఉన్నట్టే, అయినా టెన్షన్ పడక్కర్లేదు, ఛార్జ్ పిసరంత, రెప్పపాటు కూడా ఉండదు.

నరాలంటారా, నాకు హైదరాబాద్ ఆఫీసులో రోజూ కొట్టేది, అమలాపురం వస్తే కొట్టదు. ఊరు మారితే నరాలు మారతాయా? ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, వస్తువుల మీద కనపడని నీటి పొర పట్టి ఛార్జ్‌ని పోగవనివ్వదు. మొన్న మా అమ్మాయికి దువ్వెనతో చూపిద్దామంటే ఒక్క కాగితం ముక్కా కదల్లేదు, తలనిండా కొబ్బరినూనె, కోనసీమ తల మరి! తలంటి, ఆరాక ఏసీ గదిలో మళ్లీ దువ్వితే ముక్కలు ఎగిరొచ్చి అతుక్కున్నాయి. చూడాల్సింది ఆ తర్వాత: ఒకటీ రెండూ కాసేపటికి విదిలించినట్టు దూరంగా ఎగిరిపడ్డాయి. దువ్వెన ఛార్జ్ కొంత వాటికీ ఎక్కింది; సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని, అంటే ఒకే రకం ఛార్జ్‌లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని స్కూల్లో బట్టీ పట్టామే, అది.

ఇక ఉంగరం. రాగి మంచి వాహకమే, కానీ ఒంటికి తగిలించుకున్నది ఒంటితోపాటే ఛార్జ్ అవుతుంది, అక్కణ్ణుంచి నేలకి దారేదీ? బాబాయి వేలికి పచ్చరంగు పట్టింది, అంతే. దానికన్నా తాళంచెవి గట్టిగా పట్టుకుని దాని కొస డోరుకి తగిలించండి, రవ్వ ఆ కొస దగ్గరే అయిపోతుంది, చేతికి తెలియదు.

చెప్పుల్లేకుండా నడవడం సగం నిజం. తడి గట్టు మీద కాలు పెడితే ఛార్జ్ దిగిపోతుంది, కానీ దానికి అరగంటెందుకు, సెకను కూడా పట్టదు.

నాకు ఒళ్లు మండింది ప్లాస్టిక్ మాటకి. మందు కొట్టే మిషన్లకి పెట్రోలు ప్లాస్టిక్ క్యాన్లలో తెచ్చుకునేవాళ్లు మన దగ్గర ఎంతమంది! ప్లాస్టిక్‌లో కరెంటు పారకపోవడమే అసలు ప్రమాదం, ఎక్కిన ఛార్జ్ ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. గొట్టంలో పారేటప్పుడు పెట్రోలు కూడా కొంత ఛార్జ్ మోసుకొస్తుంది. దాని ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌలులో పావు వంతు శక్తి చాలు, డోరు దగ్గర చురుక్కుమన్న రవ్వలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. బంకులో ట్యాంకర్ దింపేటప్పుడు చూడండి, గొట్టం తగిలించకముందే ఎర్తింగ్ వైరు క్లిప్పు పెడతారు. తప్పదనుకుంటే ఇనుప డబ్బా తీసుకెళ్లి, ఆటోలో ఉంచి కాకుండా నేలమీద దించి, నాజిల్‌ని డబ్బా మూతికి ఆనించి నెమ్మదిగా పోయించుకోండి.