టామీగారి పథ్యం

ముక్కనుమ నాడు ఎవరి కంచంలో బొమిక వాళ్లు "పాపం, నోరులేని జీవి" అంటూ టామీకి విసిరారు. నాయనమ్మ వేసింది తాతయ్యకు తెలియదు, తాతయ్య వేసింది పిల్లలకు తెలియదు. నోరులేని జీవి మాత్రం అన్నీ నమిలి మింగింది. రెండు రోజులకు ఫలితం కనబడింది: సున్నపు ముద్దలా తెల్లగా, రాయిలా గట్టిగా, బఠాణీ గింజంత. ఆ తర్వాత అదీ లేదు. పెరట్లో జామచెట్టు చుట్టూ పదిసార్లు తిరగడం, నడుం వంచడం, ఏమీ కాకపోయేసరికి కిటికీలో నిలబడ్డ కుటుంబం వైపు నిష్ఠూరంగా చూడటం.

డాక్టరుగారు పొట్ట నొక్కి, ఎక్స్‌రే తీసి, బొమిక ఎక్కడా అడ్డుపడలేదని తేల్చుకున్నాకే చెప్పారు: "ఏమీ వేయకుండా ఉడికించిన మంచి గుమ్మడికాయ, పూటకు 2 టేబుల్ స్పూన్లు." ఇల్లు చేరేసరికి ఆ మాటల్లో గుమ్మడికాయ ఒక్కటే మిగిలింది.

సంక్రాంతి ఇంట్లో దానికేం కొదవ? "పొయ్యిమీద దప్పళం ఉందిగా" అంది నాయనమ్మ. దప్పళంలో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి కుక్క ఒంట్లోని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఆ సంగతి ఆ పూటే బయటపడదు, కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోయి, కుక్క నీరసపడితే తెలుస్తుంది. "అయితే ఉల్లి ఏరేసి, ముక్కల్ని నీళ్లలో జాడిస్తానులే" అని ఆవిడ రాజీకి వచ్చింది. కుదరదు. పులుసులో మునిగిన ముక్క ఉల్లిరసం ఎప్పుడో పీల్చేసుకుని ఉంటుంది. కారం, చింతపండు, ఉప్పు సంగతి సరేసరి.

విడిగానే వండారు. అరకిలో కాయ తొక్క తీసి, గింజలూ పీచూ గీకేసి, అంగుళం ముక్కలు కోసి, అరగ్లాసు నీళ్లతో కుక్కర్లో రెండు విజిల్స్. నీళ్లు వార్చి, పప్పుగుత్తితో మెదిపి, చల్లార్చాలి. అంతే. ఈ 'అంతే' దగ్గర తెలుగు చెయ్యి ఆగదు. మొదటి విడతలో అమ్మ చెయ్యి దానంతటదే ఉప్పుడబ్బాలోకి వెళ్లొచ్చింది. రెండో విడత బాగానే ఉడికింది గానీ, "మరీ చప్పగా ఎలా తింటాడే" అని నాయనమ్మ తాలింపు పెట్టేసింది, వెల్లుల్లితో సహా. వెల్లుల్లి సాక్షాత్తూ ఉల్లికి తమ్ముడు. ఆ రెండు విడతలూ ఇంట్లోవాళ్లే తిన్నారు. మూడోది టామీకి దక్కింది.

ఇక కొలత. టామీ 30 కిలోల లాబ్రడార్, వాడికి రెండు స్పూన్లు. అదే పక్కింటి పొమేరియన్‌కైతే ఒక టీస్పూన్ చాలు. ఈ ఇంట్లో స్పూనంటే నాన్నకు కాఫీ కలిపేది, నాయనమ్మకు సాంబారు వడ్డించేది. పైగా బొమికల పద్ధతే మళ్లీ: పొద్దున నాన్న పెట్టాడు, పదకొండింటికి నాయనమ్మ, బడి నుంచి రాగానే పిల్లలు. "ఇందాకే తిన్నానండీ" అని చెప్పే లాబ్రడార్ ఇంకా పుట్టలేదు.

గుమ్మడిలో రెండు రకాల పీచుంటుంది. కరిగే రకం నీళ్లు పీల్చి జిగురులా ఉబ్బుతుంది, కరగని రకం పేగును కదిలిస్తుంది. గట్టిపడ్డదాన్ని మెత్తబరిచేదీ, పలచబడ్డదాన్ని చిక్కబరిచేదీ ఆ పీచే. పక్కన నీళ్లగిన్నె నిండుగా లేకపోతే మాత్రం పని చెయ్యకపోగా ఇంకా బిగించేస్తుంది. మోతాదు మించితే పెద్దపేగులో పులిసి గ్యాస్ పుడుతుంది. ఆ రాత్రి హాల్లో అదే పుట్టింది. అందరూ ముక్కులు మూసుకుని తాతయ్య వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన "నేను కాదర్రా" అన్నారు. సోఫా కింద టామీ నిద్ర నటిస్తున్నాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకు తివాచీ మీద గడ్డకట్టిన వ్యవహారమంతా ఒక్కసారే తేలిపోయింది. నారింజ రంగులో. "రక్తం!" అని అమ్మ కేక. రక్తం కాదు, గుమ్మడి రంగే అది. ఎర్రగా చారలు కనబడినా, తారులా నల్లగా వచ్చినా, వాంతులైనా పరుగెత్తాలి గానీ, దీనికి గుమ్మడి ఒకరోజు ఆపి, తర్వాత సగం మోతాదుతో మొదలుపెడితే చాలని డాక్టరుగారన్నారు. ఆ మాట ఆవులిస్తూ అన్నారు.

మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచకూడదని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించారు. ఒక గడి సుమారు ఒక టేబుల్ స్పూన్, ఇక గరిటెల గొడవ లేదు. బాబాయి వచ్చినప్పుడు మామిడి ఐసనుకుని రెండు గడ్డలు మజ్జిగలో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన ఎన్నడూ లేనంత ప్రసన్నంగా ఉన్నాడు.

వారంలో టామీ కుదుటపడ్డాడు గానీ, గుమ్మడి రుచి మరిగాడు. అమావాస్య వచ్చింది. నాలుగు రోడ్ల కూడలిలో ఎవరో దిష్టి తీసి బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. నాన్న "ఒరేయ్ ఆగరా, అది కాదురా!" అంటూ గొలుసు లాగుతూనే ఉన్నాడు. నోరు తెరిపించి, వేళ్లు పెట్టి, రూపాయి బిళ్ల మింగలేదని, కర్పూరం అంటలేదని చూసుకునేసరికి చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. మూతినిండా కుంకుమతో, పళ్ల మధ్య పెద్ద చెక్క కరుచుకుని, వీధివాళ్ల దిష్టంతా మోసుకుంటూ టామీ గుమ్మంలో నిలబడ్డాడు. నాయనమ్మ వాడికి దిష్టి తీయడానికి ఇంకో గుమ్మడికాయ తెమ్మంది.