శని, ఆదివారాలు ఎగిరితే ఐదు నెలల్లో పైలట్ లైసెన్సు వస్తుందా?

డాలస్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ల మధ్య ఒక లెక్క బాగా తిరుగుతోంది. "ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 40 గంటలు చాలు. శనివారం గంట, ఆదివారం గంట ఎగిరితే 20 వారాల్లో చేతికొస్తుంది. పదివేల డాలర్లు దాటదు. మెడికల్ (డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం) చివర్లో చూసుకోవచ్చు. హెచ్-1బీ అయినా నేరుగా చేరిపోవచ్చు." ఇది నమ్మి దిగి, సగం డబ్బు పోశాక మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒక్కో మాటా విప్పి చూద్దాం.

40 గంటలు చాలు అన్నది మొదటి తప్పు. అది ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టిన కనీస హద్దు మాత్రమే. అందులో 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 గంటలు ఒంటరిగా ఎగరాలి. రాత్రి శిక్షణ 3 గంటలు, పరికరాలు మాత్రమే చూస్తూ నడపడం 3 గంటలు, సోలో క్రాస్‌కంట్రీ (ఒంటరిగా దూరంలోని వేరే విమానాశ్రయానికి ఎగరడం) 5 గంటలు వీటిలోనే ఉంటాయి. ఇవన్నీ ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో నిండినంత మాత్రాన పరీక్షకు చేయి కుదిరినట్టు కాదు. ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్లకు 60, 70 గంటలు పట్టడం మామూలే.

అసలు గండి "శని, ఆదివారాలు" అన్నచోటే ఉంది. ల్యాండింగ్ చేతికి పట్టుబడాల్సిన విద్య. శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172లో ఫైనల్‌లో (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దశలో) వేగం 65 నాట్ల దగ్గర నిలబెట్టడం, రన్‌వే దగ్గరికి వచ్చాక ముక్కు ఎప్పుడు ఎంత ఎత్తాలో కంటితో పట్టుకోవడం పది రోజులు వదిలేస్తే జారిపోతాయి. తర్వాతి పాఠంలో సగం పాతదాన్ని తిరిగి తెచ్చుకోవడానికే సరిపోతుంది. పైగా వారాంతపు స్లాట్లకు అందరూ పోటీపడతారు. వసంతంలో ఉరుములు, దక్షిణపు ఈదురుగాలి. ఇంకోసారి విమానం 100 గంటల తనిఖీకి వెళ్లి ఉంటుంది. రెండు వారాంతాలు వరసగా పోతే నెలంతా వెనక్కి పోయినట్టే.

అందుకే వారానికి మూడు స్లాట్లు పెట్టుకోవాలి, ఒకటి రద్దవుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి. జూన్‌లో డాలస్‌లో సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నరకు కాబట్టి ఆఫీసు అయ్యాక కూడా వెలుగుంటుంది. కానీ ఆ వేడికి గాలి పలచబడి విమానం మెల్లగా పైకి లేస్తుంది, కింద గాలి కుదుపులు ఎక్కువ. కొత్తవాళ్లకు తెల్లవారగానే ఎగరడం మేలు. డిసెంబరులో సాయంత్రం ఆరుకే చీకటి పడుతుంది. రాత్రి శిక్షణ 3 గంటలు, 10 ల్యాండింగులు అప్పుడు పెట్టుకుంటే సెలవు ఖర్చవదు. రద్దయిన రోజు ఇంటికి పోకుండా అదే స్లాట్‌లో గ్రౌండ్ పాఠం అడగండి. ఇంకో సంగతి: విమానం మీటరులో 1.2 గంటలు పడే పాఠానికి రోజులో మూడు గంటలు పోతాయి. ఇంధనం నమూనాలు తీసి నీళ్లున్నాయేమో చూడాలి, నూనె మట్టం చూడాలి, పాఠానికి ముందూ తర్వాతా ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఆఫీసు మీటింగుకు గంట ముందు స్లాట్ పెట్టుకుంటే ఈ తనిఖీలే హడావుడిగా అయిపోతాయి. అది ప్రమాదం.

పదివేల డాలర్ల మాట. విమానం అద్దె గంటకు 180 డాలర్లు, ఇన్‌స్ట్రక్టర్‌కు 70 అనుకోండి. 65 గంటల అద్దె 11,700, ఇన్‌స్ట్రక్టర్‌తో 50 గంటలకు 3,500. అక్కడికే 15,200. మెడికల్, రాతపరీక్ష, హెడ్‌సెట్, చివరి పరీక్ష పెట్టే ఎగ్జామినర్ ఫీజు వేరు.

మెడికల్ చివర్లో అంటే డబ్బు గాలిలో పోయడమే. ఈ లైసెన్సు కోసం నేర్చుకుంటుంటే అది లేకుండా సోలో (ఒంటరిగా) ఎగరనివ్వరు. ఈ లైసెన్సుకు సరిపోయే థర్డ్ క్లాస్ మెడికల్ ముందే తెచ్చుకోండి. 40 ఏళ్లలోపువారికి ఇది 60 నెలలు చెల్లుతుంది, కాబట్టి తొందరపడితే నష్టం లేదు. స్లీప్ ఆప్నియా, డిప్రెషన్ మందులు, ఏడీహెచ్‌డీ వంటివి ఉంటే దరఖాస్తు నింపకముందే ఏవియేషన్ డాక్టరుతో మాట్లాడండి. దాచిపెట్టడం మాత్రం నేరం.

హెచ్-1బీ వాళ్లు నేర్చుకోవచ్చు, నిజమే. నేరుగా మాత్రం కాదు. అమెరికా పౌరులు కాని ప్రతివారూ, గ్రీన్‌కార్డు ఉన్నవారు సహా, శిక్షణ మొదలుపెట్టేముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) తనిఖీ దాటాలి. వేలిముద్రలు ఇవ్వాలి, స్కూలు కూడా నమోదై ఉండాలి. పరిచయానికి ఒకసారి ఎగరడానికి మాత్రం ఇది అక్కర్లేదు.

ఇక ఐదు నెలల లెక్క ఎగ్జామినర్ దగ్గర తేలిపోతుంది. తేదీ దొరకడానికే వారాలు పట్టొచ్చు. ఈలోగా సోలోకు ఇన్‌స్ట్రక్టర్ రాసిచ్చిన అనుమతి 90 రోజులకు చెల్లకుండా పోతుంది. చెక్‌రైడ్‌కు (ఎగ్జామినర్ పెట్టే చివరి పరీక్షకు) సిద్ధం చేసే 3 గంటల శిక్షణ, పరీక్ష నెలలోగానీ దానికి ముందున్న రెండు క్యాలెండర్ నెలల్లోగానీ జరిగి ఉండాలి. మధ్యలో నెలరోజులు ఇండియా వెళ్లొస్తే ఇవి మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. చెక్‌రైడ్ తేదీ ఖరారయ్యాకే, ఆ తేదీ తర్వాతకే టికెట్లు కొనండి.