కిటికీలోంచి దూకే కర్చీఫు గారికి

మహారాజశ్రీ కర్చీఫు గారికి,

నమస్కరించి రాసుకునేదేమంటే, ఇక్కడ నేను నిలబడి క్షేమం. తమరు కూర్చుని క్షేమమని కళ్ళారా చూస్తూనే ఉన్నాను.

తమరి ఖరీదు మహా అయితే ముప్పై రూపాయలు. నా చిత్తూరు టికెట్టు అంతకంటే ఎక్కువే. అయినా కిటికీ పక్క సీటు తమరిది, పైన రాడ్డు నాది.

తిరుపతి బస్టాండులోకి చిత్తూరు బస్సు రావడం ఒకసారి చూడాలి. డ్రైవరు ఇంకా రివర్సు గేరులోనే ఉంటాడు. బస్సుతోపాటు జనం కూడా వెనక్కి పరిగెత్తుతుంటారు. కిటికీ అద్దం సగమే జరిగి ఇరుక్కుని ఉంటుంది. ఆ సందులోంచి తమరు రివ్వున దూసుకెళ్ళి, మూడో వరుసలో, సరిగ్గా అనుకున్న సీటు మీదే పడతారు. విసిరినాయన వయసు అరవై దాటి ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరో ఒకరు చేతికి అందించాల్సిన మనిషి.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఈ తోపులాట కాదు, ఆ తోసుకునేవాళ్ళెవరన్నది. వీళ్ళలో సగం మంది పొద్దున కొండ దిగి వచ్చినవాళ్ళే. గుండు మీద చందనం ఇంకా ఆరలేదు. వైకుంఠం కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చుని, ఇచ్చిన పాలు తాగి, పెట్టిన ఉప్మా తిని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా గోవిందా గోవిందా అనుకున్నవాళ్ళు. స్వామి కోసం అంతసేపు ఆగినవాళ్ళు బస్సు ఆగేదాకా ఆగలేరు. తలనీలాలతో పాటు అహంకారం కూడా పోతుందని పెద్దలంటారు. పోతుంది నిజమే, పోయి తమరిలో చేరుతుంది.

బస్సులో స్త్రీల సీట్లని రాసి ఉంటుంది. వృద్ధులకని, వికలాంగులకని రాసి ఉంటుంది. కర్చీఫులకు అని ఎక్కడా రాయలేదు. రాసినవి చదివేవాడు లేడు, రాయనిది మాత్రం ఒక్కడూ తప్పడు. ముసలాయన వచ్చి పక్కన నిలబడితే నిద్ర నటించే మనిషి, సీటు మీద తమరు కనబడగానే "ఎవరో వేసినారప్పా" అని భక్తిగా పక్కకు తప్పుకుంటాడు.

తమరి పేరు మీద ఒక ధర్మశాస్త్రమే నడుస్తోంది. ఒక కర్చీఫుకు ఒక సీటా, వరుస మొత్తమా? మడత పెట్టి వేస్తే ఒకటి, విప్పి పరిస్తే మూడు అని ఒక వాదం ఉంది. ఒకే సీటు మీద రెండు కర్చీఫులు పడితే, కింద ఉన్నది సీనియరు. కాబట్టి పైన పడ్డ కర్చీఫు తాలూకు మనిషి వీలు చూసుకుని తనదాన్ని కిందకు తోస్తాడు. సాక్షులు కూడా ఉంటారు. "ఆయనే ముందు వేసినాడు, నేను చూసినా" అని ఏ సంబంధమూ లేని మనిషి వెనక సీటు నుంచి లేచి తీర్పు చెబుతాడు. తన సీటు మాత్రం వదలడు.

ఒకసారి ఇలాంటి గొడవ తిరుపతిలో మొదలై చంద్రగిరి దాటినా తెగలేదు. చివరికి ఒకాయన, "ముందు వేసింది నువ్వేనని కాణిపాకంలో దిగి వినాయకుడి ముందర ప్రమాణం చేస్తావా?" అన్నాడు. బస్సంతా నిశ్శబ్దం. మా వైపు ఆ మాట ఊరికే అనరు. అప్పు ఎగ్గొట్టినవాడు కూడా ఆ గుడి పేరెత్తితే తడబడతాడు. రెండోవాడు కాసేపు ఆలోచించి, "దిగితే మళ్ళీ సీటు దొరకదు కదన్నా" అన్నాడు. మొదటివాడికీ అది నిజమే అనిపించింది. చిత్తూరు దాకా ఇద్దరూ ఒక సీటులోనే ఒరుసుకుని కూర్చున్నారు.

తమరికి పోటీ లేదనుకోకండి. నీళ్ళ సీసా, పేపరు, టిఫిను సంచి లాంటివి చిన్నాచితకా శత్రువులు. కిటికీలోంచి పిలకాయనే లోపలికి అందించే తండ్రులున్నారు. ఆ పిలకాయ మూడు సీట్ల మీద అడ్డంగా పడుకుని, అమ్మ వచ్చేదాకా ఎవరు కదిలించినా కెవ్వుమంటాడు. కానీ తిరుపతిలో తమరిని నిజంగా ఓడించేది లడ్డూ కవరు. తమరినైతే తెగించినవాడు రెండు వేళ్ళతో పట్టి పక్కన పడేస్తాడు. ప్రసాదాన్ని పక్కన పడేసే ధైర్యం ఎవడికుంది? కింద పెట్టకూడదు, కాళ్ళ దగ్గర ఉంచకూడదు. ఆ లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తమరికి ఏ గుర్తింపూ లేదు, మూలన కుట్టిన ఒక పువ్వు తప్ప.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక పోరు ఇంకా పెరిగింది. చున్నీలు కూడా రంగంలోకి దిగాయి. వెనక నిలబడ్డ ఒకాయన ఒకరోజు, "డబ్బులు పెట్టినోళ్ళం నిలబడాలా, సున్నా టికెట్టోళ్ళు కూర్చోవాలా?" అని గొణిగాడు. పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ తల తిప్పకుండానే, "టికెట్టుకు సున్నా కొట్టినారు గానీ, కాళ్ళనొప్పికి కొట్టలేదన్నా" అంది. ఆయన ఆ తర్వాత కిటికీలోంచి చెట్లు చూసుకున్నాడు.

ఇక నా సంగతి. ఇన్నాళ్ళూ తమరిని తిట్టుకుంటూ నిలబడ్డ నేను మొన్న తెగించాను. కొత్త కర్చీఫు, తెల్లది. పరిగెత్తి విసిరాను. సరిగ్గా కిటికీ పక్క సీటులోనే పడింది. జనంలో నలిగి, చెప్పు ఒకసారి ఊడి, లోపలికి చేరేసరికి అక్కడ ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, చేతిలో నా కర్చీఫు. నల్లగా ఉంది.

"నీదేనా నాయనా? సీటు నిండా దుమ్ము. ఎవరో పుణ్యాత్ముడు గుడ్డేసినాడని తుడిచినా," అని మడత పెట్టి మరీ ఇచ్చింది.

ఏ శాస్త్రం ప్రకారం వాదించాలి?

చంద్రగిరి దాటుతుంటే నాకు 1639 గుర్తొచ్చింది. నిలబడ్డవాడికి చరిత్ర గుర్తొస్తుంది, కూర్చున్నవాడికి నిద్రొస్తుంది. ఈ చంద్రగిరి రాజుల కాలంలోనే ఇంగ్లీషు కంపెనీవాళ్ళు మద్రాసు తీరాన కోట కట్టుకోవడానికి కాస్త జాగా రాయించుకున్నారు. ఆ తర్వాత ఎంత జరిగి కూర్చున్నారో బళ్ళో చదువుకున్నాం. అందుకే బస్సులో ఎవరైనా "రవంత జరగన్నా" అంటే నాకు భయం.

పూతలపట్టు వచ్చింది, పోయింది. కాణిపాకం క్రాసులో బస్సు సగం ఖాళీ అయింది. ముసలావిడ కూడా లేచింది. ముందు వరుస నుంచి ఒక కుర్రవాడు చటుక్కున ఆ సీటుకేసి వచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆగు నాయనా. ఇది ఈ అబ్బోడిది. తిరుపతిలోనే గుడ్డేసినాడు, పాపం."

కుర్రవాడు నా చేతిలో ఉన్న తమరిని చూసి మారుమాట లేకుండా వెనక్కి తగ్గాడు. అలా తిరుపతిలో వేసిన కర్చీఫు కాణిపాకం క్రాసులో చెల్లింది. కూర్చున్నాను. మొహం నిండా చెమట. తుడుచుకుందామని తమరిని విప్పి, ఆ సీటు దుమ్మంతా చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాను. చెమట చొక్కా చేతికే తుడుచుకున్నాను.

ఇట్లు,
చిత్తూరు టికెట్టు కొని, కాణిపాకం క్రాసులో కూర్చున్నవాడు