అల్యూమినియం దిమ్మకు ఓ మాజీ యజమాని లేఖ

రోటర్‌డామ్‌లోనో, పోర్ట్ క్లాంగ్‌లోనో, బూసాన్‌లోనో ఏదో ఒక రేవు గిడ్డంగిలో హాయిగా పడుకుని ఉన్న అల్యూమినియం దిమ్మా,

నన్ను నువ్వు గుర్తుపట్టవు. ఎలా పడతావు, మనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటే కదా! కాగితాల ప్రకారం మాత్రం కాసేపు నేను నీకు యజమానిని. చెల్లి పెళ్లికి డబ్బు చాలక దుబాయ్‌లో ఓ ఇస్లామిక్ బ్యాంకుకి వెళ్లి 50 వేల దిర్హాములు అప్పు అడిగాను. "మేం వడ్డీకి అప్పివ్వం సర్, అది రిబా, నిషిద్ధం" అన్నారు. మరి ఏం చేస్తారయ్యా అంటే, నిన్ను అమ్ముతామన్నారు. పెళ్లికి బంగారం కొన్నవాళ్లని చూశాను గానీ, అల్యూమినియం కొన్నవాణ్ణి మా వంశంలో నేనే మొదటివాణ్ణి. (బంగారమే అమ్మొచ్చుగా అంటే అదీ కుదరదట. షరియాలో బంగారం, వెండి డబ్బు కిందే లెక్క, వాటిని అరువు మీద అమ్మకూడదు. అందుకే ఈ బరువు నీ నెత్తిన పడింది.)

ఆ రోజు ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు కాబట్టి నేనే చెప్తాను. బ్యాంకు నిన్ను ఓ బ్రోకర్ దగ్గర 50 వేలకు నగదిచ్చి కొంది, వెంటనే నాకు 57 వేలకు 48 నెలల వాయిదాల మీద అమ్మింది, నిన్ను ఇంటికి తెచ్చుకుని నేనేం చేసుకుంటాను కనుక, ముందే సంతకం పెట్టించుకున్న కాగితం ప్రకారం నా తరఫున ఏజెంటుగా ఆ బ్యాంకే నిన్ను ఇంకో బ్రోకర్‌కి మళ్లీ 50 వేలకే అమ్మేసి, డబ్బు నా ఖాతాలో వేసింది. ఇన్ని చేతులు మారినా నువ్వు అంగుళం కదల్లేదు. దీని పేరు తవర్రుక్. వాళ్లిచ్చిన ఖర్జూరం నేను తినేలోపు నాలో ఓ లోహ వ్యాపారి పుట్టి, రిటైరైపోయాడు.

రోడ్డుకి అవతల మామూలు బ్యాంకులో అడిగితే నెల వాయిదా దాదాపు అంతే చెప్పారు. ఆశ్చర్యమేం లేదు. రేటు కట్టేటప్పుడు ఇద్దరూ చూసేది ఈబోర్‌నే, అంటే అక్కడి బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే వడ్డీ రేటుని.

అలాగని నిన్ను పూర్తిగా తిట్టలేను. ఒకసారి 57 వేలని రాసుకున్నాక ఆ ధర పెరగదు. వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానాని బ్యాంకు తన లాభంలో కలుపుకోకూడదు, దానధర్మాలకి పంపాలి. క్రెడిట్ కార్డులకి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. ఇక మా ఊళ్లో ప్రోనోటు సంగతి సరేసరి: నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం, పైగా మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయించి, బాకీపడ్డ వడ్డీని అసల్లో కలిపేసి, ఆ మొత్తం మీద మళ్లీ వడ్డీ.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. 1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్ అనే ఊళ్లో అహ్మద్ అల్ నజ్జార్ అనే ఆయన జర్మనీ పొదుపు బ్యాంకులు చూసొచ్చి, చిన్నచిన్న రైతుల డబ్బుతో వడ్డీ లేని బ్యాంకు పెట్టాడు. అప్పిచ్చి పక్కకి తప్పుకోకుండా, బ్యాంకు వ్యాపారంలో భాగస్వామి కావడం అసలు ఉద్దేశం. ముషారకా, ముదారబా అనేవి అవే: లాభం వస్తే వాటా, నష్టం వస్తే బ్యాంకు డబ్బూ పోతుంది. కానీ అలా చేయాలంటే బ్యాంకు ఆఫీసరు ఎండలో పడి దుకాణం చూడాలి, లెక్కలు చూడాలి, సరుకు అమ్ముడుపోతుందో లేదోనని టెన్షన్ పడాలి. అంత కష్టం ఎందుకు, నువ్వున్నావుగా!

అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ పండితులు 2009లో షార్జాలో కూర్చుని, ఇలా ముందే అన్నీ మాట్లాడేసుకుని చేసే తవర్రుక్ చెల్లదని తీర్మానించారు. షార్జా దుబాయ్‌కి పక్కనే. సాయంత్రం పూట ఆ రోడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు, ఆ తీర్మానం ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నట్టుంది. షరతుల మీద ఒప్పుకునే పండితులూ ఉన్నారనుకో, బ్యాంకులకి వాళ్ల నంబర్లు నోటికి వచ్చు. అదే షార్జాలో దానా గ్యాస్ కంపెనీ 2017లో, తను జారీ చేసిన 70 కోట్ల డాలర్ల సుకూక్ (బాండ్లకి ఇస్లామిక్ రూపం) షరియాకి విరుద్ధమని, కాబట్టి చెల్లదని తనే కోర్టుకెక్కింది. డబ్బు తీసుకున్న రోజు గుర్తుకు రాని ధర్మం కట్టాల్సిన రోజు దగ్గరపడేసరికి గుర్తొచ్చింది.

ఒక్క సాయం చెయ్యి. ఈసారి బ్యాంకు నిన్ను కొన్నప్పుడు ఆ రెండు నిమిషాల్లో నీ ధర పడిపోతే నష్టం ఎవరిదో అడుగు. బ్యాంకుది అంటే నాకు కబురు పెట్టు, వచ్చి ఇంకో టన్ను కొంటాను.

ఇట్లు,
నీ మాజీ యజమాని (వాయిదాలు ఇంకా ఉన్నాయి)

తా.క.: మలేషియాలో ఇదే పనికి పామాయిల్‌ని పెట్టారు, బుర్సా మలేషియా 2009లో దానికోసం ఏకంగా ఓ మార్కెట్టే తెరిచింది. అదైతే కనీసం మిరపకాయ బజ్జీలకైనా పనికొచ్చేది.