ఆకు బొమ్మ సరే, మట్టి సంగతేంటి?

మూతపడ్డ మిల్లు జాగా కనిపిస్తే చాలు, ‘పర్యావరణ హిత కొత్త ఊరు’ అనే మాట ముందు పుడుతోంది. మట్టి పరీక్ష ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఆజంజాహీ బట్టల మిల్లు కథ ఓరుగల్లుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1934లో మొదలైంది, 2002లో మూతపడింది, షెడ్లు నేలమట్టమయ్యాయి, జాగా గజాల లెక్కన అమ్మకానికొచ్చింది. అందులో పనిచేసిన కార్మికులు ఇంటి స్థలం కోసం ఏళ్లకేళ్లు తిరిగారు. అయిపోయిన దాన్ని తవ్వుకోవడం మా ఉద్దేశం కాదు. అదే ఒరవడి అవుతుందన్నదే మా భయం.

కమలాపురం రేయాన్స్ గుజ్జు మిల్లులో 2014లోనే ఉత్పత్తి ఆగింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. 1971 నాటి రామగుండం 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం 2024లో ఆగింది. తిరిగి నడిపిస్తామన్న హామీలు నిలబడితే సంతోషమే. నిలబడకపోతే అక్కడికీ సర్వే చైన్లు, సున్నపు గీతలు, ప్లాట్ నంబర్లే ముందు వస్తాయి.

జాగా ఊరికే పడి ఉంటే కబ్జా అవుతుంది, జనానికి ఇళ్లు కావాలి అంటారు. నిజమే. కానీ ఫ్యాక్టరీ నేల పత్తి చేను కాదు. బాయిలర్ పక్కన దశాబ్దాల బొగ్గు బూడిద ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ల యార్డులో నూనె ఇంకి ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీలు అనే విష రసాయనాలు ఉండొచ్చు. గుజ్జు మిల్లయితే కాస్టిక్, క్లోరిన్ వాడిన మురుగు పారిన కాల్వ ఉంటుంది. రేకులు సరేసరి. ఆస్బెస్టాస్ రేకును సుత్తితో పగలగొడితే ఆ పొడి కూలోళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, రేకు విరగకుండా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. జేసీబీ డ్రైవర్‌కు ఇదంతా ఎవరు చెబుతున్నారు?

మట్టి పరీక్షలోనూ కిటుకు ఉంది. పది చోట్ల మట్టి తీసి ఒక్క సంచిలో కలిపితే ఒక చోటి విషం తొమ్మిది చోట్ల మంచి మట్టిలో పలచబడి, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. పాత మిల్లు నక్షా ముందు పెట్టుకుని బాయిలర్, నూనె ట్యాంకు, అద్దకం షెడ్డు, మురుగు కాల్వ ఉన్న చోట్ల విడివిడిగా తీయాలి. పైపైన కాదు, అరమీటరు, మీటరు, మూడు మీటర్ల లోతుల్లో. భూగర్భ జలాన్ని వానలకు ముందోసారి, తర్వాతోసారి చూడాలి. సీసం, కాడ్మియం లాంటివి ఎండకు ఎగిరిపోవు, వానకు మాయమైపోవు. పెరట్లో వేసుకున్న పాలకూరలోకి ఎక్కుతాయి.

ఇక్కడే ‘హరిత’ వేషం బయటపడుతుంది. లేఅవుట్ ప్లానులో ఇంకుడు గుంతలు ఘనంగా చూపిస్తారు. చెడిన నేలలో ఇంకుడు గుంత తవ్వితే వాన నీరు ఆ విషాన్ని కడుక్కుంటూ నేరుగా బోర్లలోకి దిగుతుంది. మంచి పనే, చేసిన చోటు చెడ్డది! ఇక మొరం. రెండు మూడడుగులు పోసి రోలర్ తిప్పితే కింది చెడిన మట్టి కనిపించదు. లెవెల్ మాత్రం పెరుగుతుంది. కొత్త ఊరి వాన పక్క బస్తీ మీద పడుతుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లలో నిలబడ్డ వరంగల్‌కు ఈ లెక్క వేరే చెప్పాలా?

కూల్చివేతలోనూ అదే తొందర. డంగు సున్నంతో కట్టిన పాత గోడల ఇటుక శుభ్రంగా ఊడొస్తుంది, మళ్లీ కట్టుకోవచ్చు. సిమెంటు గోడల ఇటుకే పగిలిపోతుంది. అయినా రెండింటినీ ఒకే జేసీబీ బకెట్‌తో ఎత్తి గుంతల్లో పోస్తారు. ఆ తర్వాత ‘సుస్థిర నిర్మాణం’ అని బోర్డు!

చట్టం లేదనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2025 జులైలో కేంద్రం కలుషిత ప్రదేశాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న ప్రదేశాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి. ప్రాథమిక మదింపుకు 90 రోజులు, వివరమైన సర్వేకు మరో మూడు నెలలు. వేలం తేదీ వేసే ముందు ఆరు నెలలు ఆగలేని తొందర ఎవరిది? ఇల్లు కట్టుకునేవాడిది మాత్రం కాదు.

కాబట్టి అడిగేది ఒక్కటే. ప్లాట్ నంబర్ల కన్నా ముందు ఆ నేల మట్టి, నీటి రిపోర్టులు పంచాయతీ గోడ మీద, తెలుగులో, కొలతలతో సహా అంటించండి. అంటించే ధైర్యం లేకపోతే బ్రోచర్ మీది ఆకు బొమ్మ చెరిపేయండి.